విడిచిన చమురుబావులు

చమురుబావుల చరిత్రను వ్రాసినవారందరును వాని పుట్టుకను గూర్చియే వ్రాసిరి. ఏ సంవత్సరమున త్రవ్విరి, ఎన్ని అడుగుల లోతున నూనె తగిలెను, ఎన్ని పీపాలు పైకి వచ్చెను, ఎవరెవరు కోటీశ్వరులైరి అను వృత్తాంతము మనకు కొల్లలుగ దొరకును. బావి ముసలిదై, ఊట యింకి, యంత్రములను విప్పుకొని మనుష్యులు వెడలిపోయిన తరువాత అది యేమయ్యెనో చెప్పిన గ్రంథములు మాత్రము మిక్కిలి తక్కువ. నేటి ప్రసంగమునందు నేను ఆ రెండవ భాగమును చెప్పదలచితిని.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల శ్రోతలకు ఇది పరాయివారి సంగతిగ తోచవచ్చును. కోనసీమయందువలె మన వరిచేల నడుమ ఇనుప గోపురములు బారులు తీరి కానరావు. కాని భూగర్భశాస్త్రజ్ఞుల పటములను తెరచి చూచినచో మన ఊళ్ల పేర్లే కంటబడును. కృష్ణా గోదావరుల డెల్టాల క్రిందను, వాని ముఖద్వారముల కెదుట సముద్రము క్రిందను వ్యాపించిన ప్రదేశమును వారు కృష్ణా గోదావరి ద్రోణి యందురు. పైకి బల్లపరుపుగ కనబడు మన నేల లోపల బల్లపరుపు కాదు. కోట్లకొలది సంవత్సరముల క్రిందట అడుగురాయి పగిలి కొన్ని పలకలు క్రిందికి దిగబడినవి. కొన్ని గట్లవలె మీద నిలిచినవి. దిగబడిన గుంటలలో నదులు మోసికొని వచ్చిన ఒండ్రు, ఇసుక, చెట్టుచేమల శేషములు వేల అడుగుల మందమున పేరుకొనినవి. నిలిచిన గట్లలో ఒకదానికి వారు బాపట్ల గట్టని పేరు పెట్టిరి. కొందరు బాపట్ల తెనాలి గట్టనియు వ్రాయుదురు. దాని తోబుట్టువులు తణుకు గట్టు, కాజ కైకలూరు గట్టు. లోతైన గుంటలలో ఒత్తిడికిని వేడికిని ఉడికిన పూర్వపు జీవశేషములే చమురుగను వాయువుగను మారును. కాబట్టి బావుల గుంపు గోదావరివైపు దట్టముగను, మన గట్టుమీద పలుచగను ఉండుటలో వింత లేదు. అయినను ద్రోణి యొక్కటే. నిజాంపట్నపు అఖాతమునందును అన్వేషణ జరిగినది. తూర్పున జరిగిన కథ మన కథ కాదనుకొనుట కష్టము.

కథను కొంచెము వెనుకనుండి యెత్తుకొనెదను. మన తాతముత్తాతలకు భూమినూనెతో పరిచయము కిరసనాయిలు డబ్బావలన కలిగినది. ఆముదపు దీపమును వెనుకకు నెట్టి ఇంటింట వెలిగిన ఆ నూనెలో ఒక పెద్ద భాగము బర్మానుండి వచ్చెడిది. 1886లో గ్లాస్గో నగరపు వర్తకులు స్థాపించిన బర్మా ఆయిల్ కంపెనీ దానిని అమ్మెడిది. నూనె ఇటు వచ్చుచుండగా మనుష్యులు అటు పోవుచుండిరి. రంగూనును మనవారు రంగమనిరి. ఊరిలో ఒకడు కనబడకపోయిన “రంగము పోయినా”డనుట వాడుక. 1931 జనాభాలెక్కలో రంగూనునందలి జనులలో సగమునకు మించి భారతీయులే. రేవులలో బస్తాలు మోసిన కూలీలు, బియ్యపుమిల్లులలో పనివారు, నదికావలి సిరియములోని నూనెశుద్ధి కర్మాగారమున కష్టించినవారు, వీరిలో తెలుగువారు అనేకులు. కోరంగి రేవు పేరుమీద బర్మావారు మనవారిని కోరంగీలని పిలిచిరి. కనుక చమురు సంగతి చెప్పునపుడు బర్మాను తలచుట దారితప్పుట కాదు.

ఆ నూనె పుట్టినచోటు ఐరావతీ నది యొడ్డునగల యెనాంజాంగ్. ఆ పేరునకు కంపునీటి వాగని యర్థము. ఇంగ్లీషు కంపెనీలు రాకమునుపే అచ్చటివారు చేతితో బావులు త్రవ్వి నూనె తోడిరి. 1797లో ఆ స్థలమును చూచిన హైరాం కాక్సు అను కంపెనీ యుద్యోగి ఐదువందలకు పైగా బావులున్నట్లు వ్రాసెను. త్రవ్వుహక్కు ఇరువదినాలుగు కుటుంబములకు వంశపారంపర్యముగ వచ్చెడిది. త్రవ్వువానిని మోకుతో దింపెడివారు. చీకటికి కన్ను అలవాటుపడుటకై దిగుటకు ముందు కొంతసేపు కండ్లకు గంత కట్టెడివారు. ఏలయన లోపల నిలువగలిగిన కాలము మిక్కిలి స్వల్పము. లోతున నిండియున్న వాయువు ఊపిరి నాడనీయదు. ఆ కొద్ది క్షణములలో నాలుగు దెబ్బలు కొట్టి, మోకు కదిపి, పైకి రావలెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర సముద్రములో మునుగువారు ధరించు గాలిటోపీలు వచ్చిన తరువాతగాని ఈ కష్టము తగ్గలేదు. ఆ పనివారు చదువుకొనినవారు కాకపోవచ్చును. కాని చమురుబావిలో కనబడని శత్రువు వాయువేయని వారికి తెలిసినంత స్పష్టముగ తరువాతి ఇంజనీర్లకు తెలియుటకు చాలకాలము పట్టినది.

1942 ఏప్రిల్ నెలలో ఆ క్షేత్రమునకు వింత యంతము వచ్చినది. జపాను సేనలు ఉత్తరమునకు నడచి వచ్చుచుండగా, నూనె వారి చేతికి చిక్కరాదని బ్రిటిషువారు తమ బావులను తామే పాడుచేసిరి. గొట్టములను, తుక్కు ఇనుమును బావులలో పడవేసి కుక్కిరి, పంపులను పగులగొట్టిరి, నిలువ నూనెకు నిప్పు పెట్టిరి. సిరియము కర్మాగారము మార్చి నెలలోనే కూల్చబడినది. అదే ఎండాకాలమున లక్షలకొలది భారతీయులు, వారిలో మన తెలుగు కూలీలును, అడవిదారులను పట్టి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. ఎందరో త్రోవలోనే రాలిపోయిరి. కాలినడకన వచ్చినవారి కష్టమును మనవారు కొంతవరకు చెప్పుకొనిరి. ఇనుపతుక్కుతో గొంతు పూడ్చబడిన బావుల మాట యెవరును చెప్పుకొనలేదు. కాని బావిని మూయుట యన్నది తుక్కు కుక్కుట కాదు. తుక్కు పంపును ఆపును, వాయువును ఆపదు. ఈ భేదమే నేటి ప్రసంగమునకు కీలకము.

ఆధునిక చమురుబావులకు ఆద్యమని చెప్పుకొను బావిని అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున డ్రేకు అనునతడు 1859 ఆగస్టు 27వ తేదీని తగిలించెను. లోతు డెబ్బది అడుగులకు లోపే. మన యూళ్లలోని బోరింగు పంపు అంతకంటె లోతుండును. పిమ్మట పదియేండ్లలో ఆ లోయ చిల్లుల జల్లెడయైనది. ఊరు వెలసిన రెండేండ్లకే పాడుపడిన కథలు అచ్చట ఉన్నవి. నూనె రాని బావిని వదలి ముందునకు పోవుటయే వారి పద్ధతి. ఎవరైనను మూసిరా అనిన, దగ్గర దొరికిన చెట్టుమొద్దును దిగగొట్టిరి, రాళ్లు పోసిరి, మన్ను కప్పిరి. 1879లో న్యూయార్కు రాష్ట్రము విడిచిన బావులను మూయవలెనని చట్టము చేసినది. ఎందుకు చేసినది? ప్రక్కవాని మంచినీటిని కాపాడుటకు కాదు. పైపొరలలోని నీరు విడిచిన బావులగుండ దిగి ఇరుగుపొరుగు బావులలోని నూనెను చెడగొట్టుచున్నదని! నూనెను నీటినుండి కాపాడుటకు పుట్టిన బిరడా, నీటిని నూనెనుండి కాపాడుటకు కూడ అవసరమేయని గ్రహించుటకు మరి కొన్ని తరములు పట్టినది. ఇందులో నాకు ఆశ్చర్యము లేదు. డబ్బు పోవు త్రోవను మనుష్యుడు ముందు చూచును.

ఆ నిర్లక్ష్యపు లెక్క ఇప్పుడు తేలుచున్నది. ఆ దేశమున విడిచిన చమురు వాయు బావులు ముప్పది లక్షలకు పైగా ఉన్నవని వారి పర్యావరణ శాఖ అంచనా. వానిలో సగమునకు మించి సరిగా మూయనివే. యజమాని యెవరో తెలియక, ఉన్నను దివాలా తీసి, ప్రభుత్వము నెత్తిన పడినవానిని వారు అనాథబావులని పిలుచుచున్నారు. లెక్కకెక్కిన అనాథబావులే లక్షకు మించినవి. వీనిని మూయుటకై 2021లో అమెరికా ప్రభుత్వము 470 కోట్ల డాలర్లను కేటాయించినది. లాభము తిన్నవారి మనుమలకు సయితము ఆ బావుల జాడ తెలియదు. పన్ను కట్టువాడు మూల్యము చెల్లించుచున్నాడు.

ఇంతకును మూసిన బావి యేల కారును? బావిని కట్టు విధము తెలిసిన ఇది సులభముగ బోధపడును. చమురుబావి మన గిలకబావివలె వెడల్పైన గొయ్యి కాదు. లోతునకు పోయినకొలది సన్నబడు రంధ్రము. మొదట పెద్ద ఇనుపగొట్టమును కొంత లోతువరకు దింపి, గొట్టమునకును మట్టికిని నడుమ సిమెంటు పోయుదురు. దానిలోనుండి చిన్న గొట్టము, దానిలోనుండి ఇంకను చిన్నది, ఇట్లు ఉల్లిపొరలవలె దిగును. పైనున్న మంచినీటి పొర, దాని క్రింది ఉప్పునీటి పొర, ఇంకను క్రింద వాయువు, ఇవి యొకదానితో నొకటి కలియకుండ అడ్డుపడునది ఆ ఇనుమును, వేలెడు మందపు సిమెంటును మాత్రమే. బావి పుట్టకమునుపు ఆ పనిని వందల అడుగుల బంకమట్టి చేయుచుండెను. సిమెంటు ఆరినకొలది వెంట్రుకవాసి బిగువు సడలును. ఇనుము ఉప్పునీటిలో త్రుప్పుపట్టును. ఈ రెండును కలిసిన, కండ్లకు కనబడని సందు అడుగునుండి పైవరకు ఏర్పడును. పనిచేయు బావికి కాపలా యున్నది, ఒత్తిడి కొలుచు యంత్రమున్నది. విడిచిన బావికి ఏమియు లేదు. క్రమముగ మూసినచో నూనె వచ్చిన పొరకడ ఒక సిమెంటు బిరడా, మధ్య మధ్య మరికొన్ని, మంచినీటి పొరకడ ఒకటి, పైన ఒకటి పోసి, నేలమట్టమునకు దిగువను గొట్టమును కోసి, ఇనుపరేకు అతికి, మన్ను కప్పుదురు. ఆపైన నాగలి నడువవచ్చును. ఇట్లు శ్రద్ధగా మూసిన బావి చాలకాలము నిలుచును. అశ్రద్ధగా మూసినదియు పైకి అట్లే కనబడును. చిక్కంతయు అచ్చటనే యున్నది.

కారునది ముఖ్యముగ మీథేను వాయువు. దీనికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు వాసన మనకు తెలియవలెనని కంపెనీలు కలిపిన వాసన. నేలలోనుండి వచ్చు వాయువు అట్టి హెచ్చరిక చేయదు. గాలిలో నూటికి ఐదు పాళ్లనుండి పదునైదు పాళ్లవరకు కలిసినపుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. బయలున కలిసిపోవును గాని, ఇంటినేల క్రిందనో, మూసిన గదిలోనో, పంపుసెట్టు కొట్టములోనో చేరిన ప్రమాదము. ప్రేలకపోయినను అపకారము మానదు. భూమిని వేడెక్కించుటలో అది నూరేండ్ల లెక్కను బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదియైదు రెట్లకు పైగా బలమైనది. కొన్ని బావులలో కుళ్లిన కోడిగ్రుడ్డు వాసనగల గంధకపు వాయువును ఉండును. అది మోతాదు మించిన ముందు ముక్కును మొద్దుపరచి, ఆపైన ప్రాణము తీయును.

ఇక మన ద్రోణి మాట. 1956లో ఏర్పడిన చమురు సహజవాయు సంఘము, అనగా ఓ.ఎన్.జి.సి., 1978లో నరసాపురముకడ లోతైన అన్వేషణపుబావిని త్రవ్వుటతో గోదావరి తీరమున ఈ యుగము మొదలైనది. తరువాత రాజోలు, తాటిపాక, పాశర్లపూడి, మండపేట, కృష్ణాజిల్లాలో లింగాల, కాజ మొదలగు చోట్ల బావులు వెలసినవి. నేలమీదనే వందలకొలది త్రవ్విరి. అన్వేషణమున త్రవ్విన బావులన్నియు ఫలించవు; వట్టిబావులు అనేకము. ఫలించిన బావికి పేరు, కంచె, కాపలావాడు ఉందురు. వట్టిబావికి ఇవి యేవియు ఉండవు. కౌలు సొమ్ము పుచ్చుకొన్న రైతునకు పొలము తిరిగి వచ్చును, కొబ్బరిమొక్క నాటుకొనును. కావున విడిచిన బావులలో మొదట మరపునకు వచ్చునది వట్టిబావియే.

నేల లోపలి ఒత్తిడి యెట్టిదో కోనసీమవారు 1995 జనవరి 8వ తేదీని ప్రత్యక్షముగ చూచిరి. పాశర్లపూడికడ త్రవ్వుచున్న పందొమ్మిదవ నంబరు బావి అదుపుతప్పి, వాయువు ఉబికి, అంటుకొనినది. అది విడిచిన బావి కాదు; త్రవ్వుచున్న బావియే. అయినను దానిని ఇచ్చట చెప్పుటకు కారణమున్నది. ఆ మంట అరువదియైదు దినములు మండినది. చుట్టుప్రక్కల గ్రామములనుండి పదునైదువందలమంది జనులను తరలించిరి. రాత్రులయందు చాలదూరమువరకు పగలువలె వెలుతురుండెను. కొబ్బరితోటలు మాడిపోయినవి. విదేశములనుండి వచ్చిన నిపుణులును మన ఇంజనీర్లును శ్రమించి మార్చి 15వ తేదీకి దానిని ఆర్పిరి. శ్రోతలలో నడివయస్కులు కొందరికి ఆ దినముల వార్తాపత్రికలు జ్ఞాపకముండవచ్చును. ఆ మంట ఆరినంత మాత్రమున అడుగున నున్న ఒత్తిడి ఆరిపోలేదు. ద్రోణిలో త్రవ్విన ప్రతి రంధ్రపు అడుగునను అట్టి బలము, తక్కువో యెక్కువో, ఉండవచ్చును. దానిమీద కూర్చున్నది కొన్ని బారల సిమెంటు.

2014 జూన్ 27వ తేదీని తెల్లవారుజామున నగరము గ్రామమున జరిగినది మరియొక పాఠము. తాటిపాక ప్రక్కనే భూమిలో పోవు వాయుగొట్టము కారి, వాయువు తెల్లవారుగాలిలో ఊరంతయు కమ్ముకొని, ఎచ్చటనో నిప్పు తగిలి భగ్గుమనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. అదియు బావి కాదు, గొట్టము. కాని కారణము త్రుప్పు. తేమతో కూడిన వాయువును మోసి మోసి ఇనుము లోపలినుండి తినివేయబడినది. పనిలో ఉన్న గొట్టము, కాపలా గల గొట్టమే యట్లైనపుడు, భూమిలో పూడ్చి మరచిన బావిగొట్టము ఇరువది ముప్పదియేండ్లకు ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. అస్సాములోని బాగ్‌జాన్ బావి 2020 మే 27న అదుపుతప్పి, జూన్ 9న అంటుకొని, నవంబరు నడుమవరకు లొంగలేదు. అది పాత బావికి మరమ్మతు చేయుచుండగా జరిగినది. పాతబావిని ముట్టుట క్రొత్తబావిని త్రవ్వుటకంటె సులభమని యెవరును తలపరాదు.

మన తీరమునకు ఈ సంగతిలో ప్రత్యేకమైన భయమొకటి కలదు. ఆ భయము నిప్పు కాదు, నీరు. బాపట్ల మొదలు నిజాంపట్నమువరకు ఇసుకనేలలు చూచినవారికి దొరువన నేమో తెలియును. ఇసుకలో వాలుగా గుంట తీసిన, కొద్ది అడుగులలోనే తియ్యని నీరు ఊరును. కడవలతో తోడి నారుమళ్లకును, కూరగాయలకును పోయుట ఆ ప్రాంతపు పాత సేద్యము. ఉప్పుకల్లు కూతవేటు దూరమున ఉండగా ఇచ్చట తియ్యని నీరెట్లు వచ్చెను? వానచినుకు ఇసుకలో ఇంకి, అడుగుననున్న ఉప్పునీటిమీద తేలియాడును. తియ్యని నీరు తేలిక, ఉప్పునీరు బరువు. పాలమీద మీగడ నిలిచినట్లు నిలుచును. పందొమ్మిదవ శతాబ్దాంతమున డచ్చి దేశీయుడైన గైబెను, పిమ్మట జర్మనుడైన హెర్జ్‌బెర్గు దీనికి లెక్క కట్టిరి. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున తియ్యని నీరు నిలిచినచోట, క్రిందుగ సుమారు నలుబది అడుగులవరకు అది వ్యాపించియుండును. పైని ఒక అడుగు తగ్గిన, క్రింద నలుబది అడుగులు ఉప్పు పైకి వచ్చును. ఎంత సున్నితమైన త్రాసో చూడుడు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలసినది. ఆ ఊరి ఉప్పునీటి పరిశోధకులు ఈ మీగడను మాత్రమే మెల్లగా తీసికొనుటకై దొరువునకు నలువైపుల ఇసుకలో అడ్డగొట్టములు పరచి, నీరు మీదిమీద చేరునట్లు చేయు పద్ధతిని వృద్ధిచేసిరి. నిలువుబోరు దింపి బలముగా లాగిన, మీగడ చిరిగి ఉప్పు తన్నుకొని వచ్చునని వారి యనుభవము.

పంపుతో లాగిననే ఇట్లైనపుడు, అడుగున ఒత్తిడిగల ఉప్పునీటికి త్రుప్పుపట్టిన గొట్టమొకటి నిచ్చెనయైన యేమగును? దానికి పంపే అక్కరలేదు. రాత్రింబవళ్లు తనంతట తానే యెక్కును. రేపల్లెవైపు మాగాణులలో కృష్ణకాలువ నీరున్నంతకాలము ఇది బయటపడదు. 1855లో పూర్తియైన ఆనకట్ట మనకు ఆ భాగ్యము కలిగించినది. కాని కాలువకట్టిన మాసములలో జనులు త్రాగునది, తోటలకు పెట్టునది నేలనీరే. ఒకసారి ఉప్పెక్కిన పొర తిరిగి తియ్యనగుటకు ఎన్ని వానకాలములు కావలెనో! 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరములును మునిగినవి. బావులు ఉప్పైన సంగతి పెద్దలు ఎరుగుదురు. ఆ నీరు పైనుండి వచ్చినది, వానలు కడిగినవి. అడుగునుండి వచ్చుదానిని కడుగువారు లేరు. రొయ్యలచెరువులు చేయుచున్న పని వేరు. అది మరియొక ప్రసంగమునకు తగిన విషయము.

చట్టములు లేవని నేననుట లేదు. చమురుక్షేత్రముల చట్టము 1948లో వచ్చినది. చమురుగనుల నిబంధనలు 1984లో వెలువడినవి, 2017లో తిరుగవ్రాయబడినవి. విడువదలచిన బావిని బిరడాలతో మూయవలెనని విధి యున్నది. స్థలమును యథాస్థితికి తెచ్చుటకై కంపెనీలు ముందుగనే సొమ్ము నిలువచేయు నిధియేర్పాటు 1999లో వచ్చెను. 2018లో మార్గదర్శకములును వెలువడెను. అమెరికాలో నూరేండ్లకు తెలిసిన బుద్ధి మనకు ముందుగనే కాగితముమీద వచ్చినది, ఇది మెచ్చదగినదే. నాకు తోచు లోపము ఒక్కటి. ఆ కాగితములు ఢిల్లీలోను, డెహ్రాడూనులోను, రాజమహేంద్రవరములోను ఉండును. బావి పొలములో నుండును. కంపెనీ మారును, ఇంజనీరు బదిలీయగును, రైతు పొలము నమ్ముకొనును, కొన్నవాడు ఇల్లు కట్టును. మండల కచ్చేరిలోని భూమి లెక్కలలో ఆ సర్వే నంబరు ఎదుట, ఇచ్చట ఇన్ని అడుగుల క్రింద ఇనుపగొట్టము కోసి పూడ్చబడినది, ఫలానా తేదీని మూసిరి అను రెండు పంక్తులు ఉండవలెను. ఇల్లు కట్టుకొనువానికి, బోరు దింపువానికి కావలసినది ఆ రెండు పంక్తులే. పూర్వము పాడుబావిలో దయ్యమున్నదని చెప్పి పెద్దలు పిల్లలను అటు పోనీయకుండిరి. దయ్యమున్నదో లేదో గాని, బావి యెచ్చటనున్నదో ఊరందరికి తెలిసియుండెను. పూడ్చిన చమురుబావికి ఆపాటి దయ్యమైనను లేదు. నీటిబోర్ల విషయమున పిల్లలు పడి మరణించిన మీదట 2010లో అత్యున్నత న్యాయస్థానము విడిచిన బోర్లను పూడ్చి లెక్క ఉంచవలెనని ఆదేశించినది. జానెడు వెడల్పు బోరునకు కావలసిన లెక్క, మైలు లోతు బావికి అక్కరలేదా?

చివరగా, ఇట్టి బావి కారుచున్నదని సామాన్యుడు గుర్తించుట యెట్లన్న ప్రశ్నకు జవాబు చెప్పి ముగించెదను. వరిమడిలో బుడగలు వచ్చినంతనే భయపడ నక్కరలేదు. కుళ్లిన రెట్టనుండియు, గడ్డినుండియు పుట్టు బురదవాయువు మన మళ్లలో సహజము. అడుగు వేసినచోటనెల్ల నాలుగు బుడగలు లేచి ఊరకుండును. లోతునుండి వచ్చునది అట్లు కాదు. ఒక్కచోటనే, త్రొక్కినను త్రొక్కకున్నను, రాత్రియు పగలును, మడి ఆరినపుడు సన్నని నెఱ్ఱెగుండ బుసకొట్టుచు వచ్చును. ఆ చుట్టును పైరు పసుపెక్కి గుండ్రముగ ఎండును. నేలలోని వేళ్లకు గాలి యందక అట్లగును. మంచినీటిబావిలో నీరు ఉన్నట్లుండి ఉప్పగుట, నీటిమీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుట మరి రెండు గుర్తులు. అట్టిచోట పొగచుట్ట వెలిగింపరాదు, మోటారు స్విచ్చి వేయరాదు, నిజమేనాయని అగ్గిపుల్ల గీచి చూచుట అసలే కూడదు. గాలి వచ్చువైపున నిలిచి, పశువులను తోలివేసి, తాసీల్దారునకును అగ్నిమాపక దళమునకును కబురు పంపవలెను. అగ్నిమాపక దళమును పిలుచు నంబరు 101.